పదకొండు వేలిముద్రలు

స్టాంపు ప్యాడు ఎండిపోయి ఉంది. విశాలాక్షి దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, గుడ్డముక్కతో అద్ది, ఎడమచేతి బొటనవేలిని చీర చెంగుకు తుడుచుకుంది. గురువారం సాయంత్రం నాలుగున్నర దాటింది. మూడో తరగతి గదిలో పిల్లలెవరూ లేరు. బయట వరండాలో ఆయా సోమమ్మ చీపురు చప్పుడు ఆ చివర నుంచి ఈ చివరకు వస్తోంది.

బల్ల మీద రెండు కట్టలున్నాయి. మొదటిదాంట్లో ముప్ఫై ఫారాలు, అన్నిటి కిందా తల్లో తండ్రో చేసిన సంతకాలు. రెండోదాంట్లో పదకొండు. వాటిలో పిల్లల పేర్లు విశాలాక్షి రాసినవే. కింద ఖాళీ.

తెల్లారితే స్వచ్ఛంద సంస్థ డాక్టర్లు వస్తారు, కామెర్ల టీకా వేస్తారు. ఆ ఏడు, తొంభై ఎనిమిదిలో, పేపర్ల నిండా ఆ టీకా గురించే. డబ్బున్నవాళ్ళు ఆసుపత్రులకు పోయి వేయించుకునేది, యూనివర్సిటీ క్యాంపస్‌లోని ఈ బడికి ఊరికే వస్తోంది. ఒక్కటే షరతు. ఫారం మీద సంతకం ఉండాలి, లేదా వేలిముద్ర ఉండాలి. వేలిముద్ర అయితే తన ముందే వేశారని క్లాసు టీచరు పక్కన రాయాలి. ఫారం లేని పిల్లకు సూది లేదు.

ఈ పదకొండు మందివీ లేడీస్ హాస్టల్ వెనకున్న గుడిసెలు. ఫారాలు యూనివర్సిటీ ప్రెస్సులో అచ్చయ్యాయి, కనక నెత్తిన యూనివర్సిటీ ముద్ర ఉంది. రాసిందంతా ఇంగ్లీషు. సరిగ్గా అదే వారం ఆఫీసు మనుషులు టేపులు పట్టుకొచ్చి గుడిసెలు కొలిచి, తలుపుల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేసి పోయారు. ఆ ముద్రే ఉన్న కాగితం పిల్ల చేతికొచ్చి, వేలెయ్యమంటే ఎవరేస్తారు? సోమవారం పంపిన ఫారాలు మంగళవారం మడత నలగకుండా తిరిగొచ్చాయి. "మా అమ్మ ఎయ్యనన్నది టీచర్" అని జ్యోతిర్మయి చెప్పింది. తక్కిన పదిమందీ అదే పాట.

హెడ్మాస్టరు వీరస్వామికి చెబితే ఆయన కళ్ళజోడు పైకి కూడా ఎత్తలేదు. "ఫారం లేనోళ్ళను వరండాల కూసోబెట్టున్రి మేడం. బలవంతం ఏం లేదు గదా" అన్నాడు.

బలవంతం లేదన్న మాట వినడానికి ఎంత మర్యాదగా ఉంటుందో, దాని కింద అంత బద్ధకం దాక్కోగలదు. పోయిన ఏడు కళ్ళ డాక్టర్లు వచ్చినప్పుడూ వీళ్ళే వరండాలో కూర్చున్నారు. లోపల పిల్లలు అద్దాలు పెట్టుకుని నవ్వుకుంటుంటే కిటికీలోంచి చూశారు. ఈసారి అలా జరగకూడదనుకుంది విశాలాక్షి. గుడిసెల వాళ్ళకు భయం కాగితమంటే కానీ సూదంటే కాదనుకుంది. ఒకసారి వెళ్ళి కూర్చుని చదివి చెబితే సరిపోయేది. మంగళవారం పోదామనుకుంది, బుధవారం పోదామనుకుంది. బుధవారం వాన. ఇవాళ గురువారం.

వేలు ప్యాడు మీద నొక్కి, మొదటి ఫారం మీద దించింది. రెండోదాని మీద కొంచెం పక్కకు దొర్లించింది. మూడోదాని మీద అంచు మాత్రమే పడేట్టు అద్దింది. ఇన్ని రకాలుగా వెయ్యడం ఎవరు నేర్పారో తనకు. ప్రతిదాని పక్కనా 'నా సమక్షంలో వేసినది' అని రాసి సంతకం చేసింది. పైన పిల్లల జబ్బుల గురించి ఉన్న నాలుగు ప్రశ్నలకూ 'లేదు' అని టిక్కులు కొట్టుకుంటూ పోయింది. పది నిమిషాల్లో పని అయిపోయింది.

రెండు రోజుల కిందట ఇదే ఫారం తార్నాకలో తన ఇంట్లో భోజనాల బల్ల మీద ఉంది. కూతురు కావ్య చదివే బడికీ వీళ్ళే వస్తున్నారు. భర్త సుబ్బరాయుడు ఒక్కో ప్రశ్నా పైకి చదివాడు. మూడో ప్రశ్న దగ్గర ఆగి, నాలుగేళ్ళప్పుడు పెన్సిలిన్ పడక ఒళ్ళంతా దద్దుర్లు రాలేదా అన్నాడు. తెలిసిన డాక్టరుకు ఫోను చేసి, అడిగి, ఆ సంగతి మార్జిన్‌లో రాశాకే సంతకం పెట్టాడు. దానికి ముప్పావుగంట పట్టింది.

"ఏలికేంది మేడం, ఊదాగున్నది?" అంది సోమమ్మ, చీపురు గుమ్మంలో ఆపి.

"స్టాంపు వేస్తుంటే అంటుకుంది" అంది విశాలాక్షి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని రెండో చేతిని కూడా వెనక్కి దాచుకుంది.

శుక్రవారం పొద్దున నీలం రంగు ఐసు డబ్బా తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టారు. ఒక నర్సు దూది చుట్టలు చేస్తోంది, ఇంకొకామె సూదుల కవర్లు చింపుతోంది. చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె ఫారాలు తిప్పుతూ పేర్లు పిలుస్తోంది. విశాలాక్షి పిల్లల్ని వరుసలో నిలబెట్టి, భుజం మీదికి చొక్కా చేతులు మడుస్తోంది. వరండాలో ఎవరూ లేరు. నలభై ఒక్కమందీ లోపలే ఉన్నారు. అది చూసి ఆమెకు ఒక్క క్షణం నిజంగానే సంతోషమైంది.

డాక్టరమ్మ చెయ్యి ఒకచోట ఆగింది. ఒక ఫారం చూసి, దాని కిందిది చూసి, మళ్ళీ పైది చూసింది.

"వేలిముద్రలన్నీ మీ ముందే వేశారు కదా మేడం?"

"అవునండీ."

"ప్రశ్నలు చదివి చెప్పారు కదా?"

"చెప్పాను."

డాక్టరమ్మ తలూపి ముందుకు పోయింది. విశాలాక్షి మడుస్తున్న చొక్కా చెయ్యి రెండుసార్లు జారింది.

జ్యోతిర్మయి వంతు వచ్చింది. పుల్లలాంటి చెయ్యి. సూది వైపు చూడకుండా టీచరు ముఖంలోకి చూసింది.

"మా అమ్మ ఏలేసిందా టీచర్?"

"ఆఁ, వేసింది" అంది విశాలాక్షి.

పిల్ల ముఖం విప్పారింది. "నాకు చెప్పనే లేదు" అని చెయ్యి చాచింది. నొప్పికి ఏడవలేదు కూడా.

శనివారం హాజరు పిలిచినప్పుడు జ్యోతిర్మయి పేరు దగ్గర పలుకు రాలేదు. విశాలాక్షి ఇంకోసారి పిలిచింది. "జొరమొచ్చింది టీచర్, బాగ కాల్తున్నది" అన్నారు పక్క గుడిసె పిల్లలు. ఆమె చేతిలోని పెన్ను పట్టికలో సున్నా చుట్టి, దాని మీదే మళ్ళీ చుట్టి, కాగితం చిరిగేదాకా చుట్టింది.

ఒంటిపూట బడి వదలగానే గొడుగు తీసుకుని గుడిసెల వైపు నడిచింది. మంగళవారం నడవాల్సిన దారి అది. బడి గేటు నుంచి పట్టుమని పది నిమిషాలు కూడా లేదు.

జ్యోతిర్మయి తల్లి లచ్చవ్వ హాస్టల్ మెస్సులో గిన్నెలు తోముతుంది. ఆ రోజు పనికి పోలేదు. తొంభైమూడు అని ఎర్రగా రాసిన తలుపు పక్కన, చాప మీద పిల్లను పడుకోబెట్టి, తడిగుడ్డ నుదుటి మీద వేసి తీస్తోంది. పిల్ల కళ్ళు సగం మూసుకుని ఉంది. పెదవులు పొడిబారి ఉన్నాయి.

"రా టీచరమ్మ. గీడ కూసో" అని పీట జరిపింది. గుడ్డ పిండుతూనే అడిగింది. "ఎవర్నడిగి ఏసిండ్రు సూది? నేను కాయితం వాపసు పంపిన గదా."

విశాలాక్షి కూర్చోబోయి ఆగింది. "అందరికీ వేశారు లచ్చవ్వా."

"అందర్కేస్తె ఏసుకోనీ. దీనికి మూడేండ్లప్పుడు గిట్లనే సూదేసిండ్రు. జొరమొచ్చి కండ్లు పైకి తేలేసింది. నోట్లకెళ్ళి నురుగొచ్చింది. కాళ్ళుచేతులు కొట్టుకున్నది. పెద్ద దవాఖానల నాల్గు దినాలున్నం. మల్ల సూదంటే ముంగట డాక్టరుకు చెప్పాలె అన్నరు గాడ."

ఫారంలో రెండో ప్రశ్న అదే. పిల్లకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, వచ్చి ఉంటే ముందు డాక్టరుకు చూపించాలి. దానికెదురుగా 'లేదు' మీద తన టిక్కు ఉంది. టిక్కు తోక కొంచెం పొడుగ్గా లాగడం తనకలవాటు. అది ఇప్పుడు కళ్ళ ముందు కనిపిస్తోంది.

చెప్పెయ్యాలనుకుంది. నోరు తెరిచింది కూడా. "జ్వరం మామూలే, చాలామందికి వస్తుంది" అన్న మాట బయటికొచ్చింది.

"చాన మందికి వస్తె రానీ. ఇది నా పిల్ల" అంది లచ్చవ్వ, గుడ్డ మళ్ళీ నీళ్ళలో ముంచుతూ.

అప్పుడు విశాలాక్షి చేయగలిగింది ఒక్కటే. పిల్లను క్యాంపస్ డిస్పెన్సరీకి తీసుకుపోదాం లెమ్మంది. లచ్చవ్వ ఎత్తుకుంది, ఈమె గొడుగు పట్టింది. దారి పొడుగునా పిల్ల కాలు కదిలినప్పుడల్లా విశాలాక్షి వంగి ముఖంలోకి చూసింది. కళ్ళు పైకి తేలుతున్నాయా, తేలుతున్నాయా అని చూస్తూనే నడిచింది.

డిస్పెన్సరీ డాక్టరు జ్వరం చూసి, మందు తాగించి, జరిగిందంతా అడిగాడు. ఫిట్స్ మాట వినగానే టీచరు వైపు తిరిగాడు. "ఫారంలో అడిగి ఉంటారే?"

"అడిగారు" అంది విశాలాక్షి నేల చూస్తూ.

ఆయన చీటీ మీద రెండు ముక్కలు రాసి మడిచి లచ్చవ్వ చేతికిచ్చాడు. సోమవారం హెడ్మాస్టరుకు ఇవ్వమన్నాడు. లచ్చవ్వ దాన్ని బొడ్లో దోపుకుంది.

ఆ సాయంత్రం విశాలాక్షి బొటనవేలిని నిమ్మచెక్కతో రుద్దింది, ఉప్పుతో రుద్దింది, కిరసనాయిలుతో కూడా రుద్దింది. ఊదా రంగు గోరు మొదట్లో అలాగే ఉంది. సుబ్బరాయుడు వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు. ఆయన యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటు. కాగితాల మీద ఏది నిలుస్తుందో ఏది నిలవదో బాగా తెలిసినవాడు.

"ఏమ్మే, ఆ వేలికేమైంది?"

ఆమె అంతా చెప్పేసింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చుండిపోయాడు.

"ఎంత పని చేస్తివి. దీన్ని ఫోర్జరీ అంటారు, తెలుసునా? ఉద్యోగం పోతాది."

"పిల్లల కోసం చేసినా."

"ఎవురి కోసం చేస్తే ఏముండాది, కాయితానికి ఆ లెక్క తెలీదు. గమ్మునుండు. ఆ పాపకు బాగైతే అంతా అదే సమసిపోతాది."

"బాగు గాకపోతే?"

పక్క గదిలో కావ్య ఎక్కాలు చదువుతోంది. ఆ పిల్లకు కూడా శుక్రవారమే టీకా వేశారు. మార్జిన్‌లో రాసింది చూసి, బల్ల మీద అరగంట పడుకోబెట్టి, ఏమీ కాలేదని తేల్చుకున్నాకే ఇంటికి పంపారట.

ఆదివారం కూరగాయలకని సంచీ పట్టుకుని బయల్దేరి, విశాలాక్షి మార్కెట్ దాటి క్యాంపస్‌లోకి నడిచింది. హాస్టల్ ప్రహరీ మూల దగ్గర ఆగి చెవులు రిక్కించింది. ఏడుపు వినిపిస్తుందేమో, జనం గుమిగూడారేమో అని ఆమె భయం. కుళాయి దగ్గర బిందెల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంకో నాలుగడుగులు వేసి చూసింది. తొంభైమూడో నంబరు తలుపు ముందు జ్యోతిర్మయి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, బన్నుముక్క చాయ్‌లో ముంచుకుని తింటోంది.

విశాలాక్షి గోడకు ఆనుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మయ్య, ఇక ఆ ఫారాలు ఎవరూ తియ్యరు. అదీ ఆమెకు వచ్చిన మొదటి ఆలోచన. పిల్ల గండం గడిచిందన్నది దాని వెనకాల వచ్చింది. ఆ వరస చూసి తన మీద తనకే రోత పుట్టింది. కూరగాయలు కొనకుండానే ఇంటికి పోయింది.

సోమవారం రెండో పీరియడులో సోమమ్మ వచ్చి, సారు రమ్మంటున్నాడంది.

హెడ్మాస్టరు గదిలో లచ్చవ్వ గోడవారగా నిలబడి ఉంది. ఆమె మొగుడు ఇన్నయ్య క్యాంపస్ తోటల్లో రోజుకూలీ మాలీ. పర్మనెంటు చేసే లిస్టులో పేరుందని మూడేళ్ళుగా ఎదురు చూస్తున్నాడు. గుమ్మం దాటి లోపలికి రాకుండా, తువ్వాలు చేతిలో నలుపుతున్నాడు. బల్ల మీద డాక్టరు చీటీ, దాని పక్కన ట్యాగు విప్పిన ఫారాల కట్ట, ఆ పక్కన స్టాంపు ప్యాడు.

"ఇటు రా లచ్చవ్వా" అన్నాడు వీరస్వామి. కోపంగా కాదు, మెత్తగానే. "ఇగో, ఇది నీ బిడ్డ ఫారం. ఫిట్స్ లేవని ఉన్నది. కింద నీ ఏలిముద్ర ఉన్నది. నువ్వే లేవని చెప్పి, ఇప్పుడు డాక్టర్‌తోని ఉన్నయని చీటీ రాయిస్తివి. ఎట్ల మరి?"

లచ్చవ్వ వంగి చూసింది. "నేను ఎయ్యలే సార్."

"మంచిగ యాది చేస్కో. నీ ముంగటనే ఏసిందని మేడం సంతకం పెట్టింది. మేడం అబద్ధమాడుతదా?"

లచ్చవ్వ తల తిప్పి విశాలాక్షిని చూసింది. విశాలాక్షి కిటికీ వైపు చూసింది.

"గుడిసెల సంగతి గూడ నడుస్తున్నది" అన్నాడు వీరస్వామి, ఎవరితోనూ కాదన్నట్టు. "ఇన్నయ్య పేరు గూడ లిస్టుల ఉన్నదంట. ఎందుకు ఈ పంచాయితీలు?"

ఇన్నయ్య తువ్వాలు నలపడం ఆపేశాడు.

లచ్చవ్వ తన బొటనవేలు వైపు చూసుకుంది. బూడిదతో, పీచుతో తోమి తోమి నున్నగా అరిగిపోయిన వేలు. ఆ వేలికి గీతలే లేవు. ఫారం మీద ముద్రలో గీతలు అచ్చంగా, ఒక్కటీ చెదరకుండా ఉన్నాయి. ఆ తేడా ఆ గదిలో ముగ్గురికైనా కనిపించే ఉండాలి.

"ఏసిన్నేమో సార్" అంది లచ్చవ్వ చిన్నగా. "నాకు యాదికి లేదు."

వీరస్వామి ఊపిరి వదిలాడు. ముందే రాసి పెట్టుకున్న తెల్ల కాగితం ఒకటి లాగి గబగబా చదివాడు. తన కూతురికి పూర్వం ఫిట్స్ వచ్చిన సంగతి తాను బడికి తెలియజేయలేదనీ, జరిగినదానికి బడి బాధ్యత ఏమీ లేదనీ అందులో ఉంది. ప్యాడు మూత తీసి ముందుకు జరిపాడు.

"దీని మీద ఎయ్యి. అయిపోతది."

"ఎయ్యవే" అన్నాడు ఇన్నయ్య గుమ్మంలోంచి. "సారు చెప్తుండు గదా."

లచ్చవ్వ వేలు ప్యాడు మీద ఆనింది. ముద్ర ఉన్న కాగితం మీద వేలేస్తే ఏమైపోతుందోనని భయపడి, పిల్లను కూడా కాదని ఫారం వాపసు పంపిన మనిషి. ఆ భయం నిజమే అయింది. నిజం చేసింది గుడిసెలు కొలిచినవాళ్ళు కాదు.

"ఆగు లచ్చవ్వా" అంది విశాలాక్షి.

రెండడుగులు వేసి, లచ్చవ్వ మణికట్టు పట్టుకుని పక్కకు తీసింది. తన ఎడమ బొటనవేలు ప్యాడు మీద గట్టిగా నొక్కి, వీరస్వామి రాసిన కాగితం మధ్యలో, అక్షరాల మీదే వేసింది.

"ఫారం మీదున్నది ఈ వేలు సార్. పోల్చి చూసుకోండి. పదకొండింటి మీదా ఇదే. టిక్కులు కూడా నావే. ఈమెను ఎవరూ ఏమీ అడగలేదు."

వీరస్వామి ముందు తలుపు వైపు చూశాడు. లేచి వెళ్ళి లచ్చవ్వను బయటికి పంపి, ఇన్నయ్యను అవతలికి జరిపి తలుపు మూశాడు. "మీరేం మాట్లాడుతున్నరో మీకు తెలుస్తున్నదా మేడం?"

"తెలుసు సార్." విశాలాక్షి బల్ల అంచు పట్టుకుంది. అంచు మీద ఊదా మరక పడింది.

"నేను పైకి రాయాలె. రాసినంక నా చేతుల ఏం ఉండది."

"రాయండి."

జ్యోతిర్మయి ఫారం బల్ల మీంచి తీసుకుని ఆమె బయటికి వచ్చింది. ఆయన ఆపలేదు.

వరండాలో లచ్చవ్వ మెట్టు మీద కూర్చుని, వేలిని చీర అంచుకు తుడుస్తోంది. ఇన్నయ్య గేటు వైపు పోతున్నాడు. విశాలాక్షి ఆమె పక్కన, ఒక మెట్టు కింద కూర్చుంది. ఏదో అనాలి. తప్పయింది అనాలి. ఆ మాట చాలా చిన్నదిగా తోచింది.

"అంటే శనివారం నా ఇంట్లకొచ్చినప్పుడు నీకెరికే" అంది లచ్చవ్వ.

"ఎరికే."

"నా బిడ్డ నన్నడిగింది టీచరమ్మ. ఏలేసినవట గదా అమ్మా అని. ఎయ్యలేదే అంటె ఇనలే. టీచర్ చెప్పింది, నువ్వే అబద్ధమాడుతున్నవన్నది." లచ్చవ్వ వేలు తుడవడం ఆపింది. "నిన్న పొద్దటిదాక నాతోని మాట్లాడలే."

విశాలాక్షికి ఏడుపొచ్చింది. ఈ మనిషి ముందు ఏడవడానికి తనకు హక్కు లేదనిపించి దిగమింగుకుంది.

"ఒక్కపాలి ఇంటికొచ్చి అడిగితె చెప్తుంటి గదా" అంది లచ్చవ్వ. ఫారం వైపు గడ్డం ఎత్తి చూపించింది. "సదువు. ఏమున్నదో అండ్ల."

విశాలాక్షి చదివింది. ఒక్కో లైను ఇంగ్లీషులో చూసుకుని తెలుగులో చెప్పింది. టీకా ఏమిటో, ఎందుకో, మూడుసార్లు వేస్తారని, మళ్ళీ వచ్చే నెల వస్తారని. వద్దనే హక్కు తల్లిదండ్రులకుందని. గుడిసెల మాట ఎక్కడా లేదని రెండుసార్లు చెప్పించుకుంది లచ్చవ్వ. రెండో ప్రశ్న వచ్చింది.

"పిల్లకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?"

"వచ్చినయి. మూడేండ్లప్పుడు. ఒక్కపాలి" అంది లచ్చవ్వ, డాక్టరుకు చెబుతున్నట్టు. "రాస్కో."

విశాలాక్షి తన పాత టిక్కు కొట్టేసి, మార్జిన్‌లో రాసింది.

లచ్చవ్వ లేచి చెంగు దోపుకుంది. "నువ్వు గీడనే ఉండు. సుక్కమ్మ పిల్లగానికి ఏందో గుండెల చప్పుడున్నదన్నరు. మొగిలి బిడ్డది నాకెరికలేదు. అందర్ని తోల్కొస్త. అందర్కీ సదువు."

"అందరికీనా? ఇప్పుడా?"

"మరెప్పుడు? వచ్చె నెల మల్ల సూదొస్తదంటివి గదా."

విశాలాక్షి మెట్టు మీదే ఉండిపోయింది. లోపల వీరస్వామి ఎవరితోనో ఫోనులో మెల్లగా మాట్లాడుతున్నాడు. మాటలు అర్థం కావడం లేదు, తన పేరు మాత్రం మధ్య మధ్య తెలుస్తోంది. సోమమ్మ లోపలి బల్ల మీంచి మిగతా పది ఫారాలు తెచ్చి, అడగకుండానే ఆమె ఒడిలో పెట్టి పోయింది. గుండెల చప్పుడున్న పిల్లవాడు ఎవరు? మూడో వరసలో, కిటికీ పక్కన కూర్చునేవాడా? ఇవాళ పొద్దున బడికి వచ్చాడా? హాజరు పిలిచింది తనే, గుర్తు రావడం లేదు.

పావుగంటకు గేటు దగ్గర ఆడవాళ్ళు కనిపించారు. మెస్సు నుంచి తడి చేతులతో వచ్చినవాళ్ళు కొందరు, చంకలో పసిపిల్లలతో కొందరు. లచ్చవ్వ ముందు నడుస్తోంది. వాళ్ళు వచ్చి మెట్ల చుట్టూ నిలబడ్డారు. అందరి చూపూ తన వేలి మీదే ఉంది.

విశాలాక్షి కళ్ళజోడు సర్దుకుని, పైనున్న ఫారం విప్పి, మొదటి లైను మీద వేలుంచింది.

"సదువు" అంది లచ్చవ్వ.